జాతరలో నోట్లు ఇచ్చినందుకు ఖాతా ఆగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా ఆత్మకూరు మండలం, ములుగు రోడ్డు మీది ఊరు. మా అమ్మ చాలా ఏండ్ల నుంచి కిరాణం దుకాణం నడుపుతోంది. ఆమెది బటన్ల ఫోన్, అందుకే స్కానర్‌ను నా ఖాతాకే పెట్టుకున్నాం. నేను హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను. నెలకు 22 వేల జీతం, అది కూడా అదే ఖాతాలో పడుతుంది. జనవరి నెలాఖరులో మేడారం జాతరప్పుడు ఏటీఎంలలో పైసలు లేక జనం మా దుకాణంలో నోట్లు అడిగారు. అమ్మ స్కానర్ మీద వేయించుకుని చేతికి నోట్లు ఇచ్చింది. వెయ్యికి ఇరవై రూపాయలు తీసుకుంది. అట్లా లక్ష దాకా తిరిగి ఉంటాయి. ఇప్పుడు నా ఖాతా మొత్తం ఆపేశారు. అందులో 1,86,400 రూపాయలు ఉన్నాయి. బ్యాంకులో అడిగితే 4,080 రూపాయల మీద గుజరాత్‌లో సైబర్ కేసు ఉందన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. రెండు రోజులకు ఒకాయన ఫోన్ చేసి, సైబర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, ఆరు వేలు కడితే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇప్పిస్తానని, ఏదో యాప్ వేసుకోమని చెప్పాడు. ఇంకా వేయలేదు. ఆ 4,080కి బెల్లం అమ్మినట్టు బిల్లు రాసి పెట్టమని మా బావ అంటున్నాడు. జీతం కాకుండా ఏడాదిలో నా ఖాతాకు దుకాణం పైసలు 13 లక్షల దాకా వచ్చాయి, నగదు అమ్మకం దానికి సగం ఉంటుంది. ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు పట్టుకుంటారా? జీఎస్టీ 40 లక్షల వరకు లేదు కదా? అసలు స్కానర్ తీసేయాలా? గుజరాత్ పోలీసులు వచ్చి తీసుకుపోతారేమోనని అమ్మ సరిగా తినడం లేదు.

సమాధానం: తమ్ముడూ, ముందు అమ్మ దగ్గర కూర్చుని ఈ మాట చదివి వినిపించండి. సాక్షిగా ఆమెను గుజరాత్ రమ్మనే అధికారం ఆ పోలీసులకు లేదు. విచారణలో సాక్షులుగా పిలిచేటప్పుడు ఆడవాళ్లను వాళ్లుండే చోటు దాటి ఎక్కడికీ రమ్మనకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. పాత సీఆర్‌పీసీలో 160వ సెక్షన్‌గా ఉన్నదే ఇది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఈ రక్షణ అలాగే ఉంది. వాళ్లకు ఏమైనా తెలుసుకోవాలని ఉంటే వాళ్లే మీ ఇంటికి రావాలి, లేదా ఇక్కడి పోలీసుల ద్వారా అడిగించుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పండి. దొంగసొత్తు తీసుకున్నారనే నేరం నిలవాలంటే, అది దొంగసొత్తని తెలిసైనా ఉండాలి, తెలియడానికి తగిన కారణమైనా ఉండాలి. ఆ రద్దీలో ముఖం కూడా సరిగా చూడని బాటసారికి నోట్లిచ్చిన మనిషికి ఆ రెండూ లేవు. అమ్మను అన్నం తినమనండి.

ఇక ఆ 4,080 మీ ఖాతాకు ఎట్లా చేరిందో చూద్దాం, ఎందుకంటే మీరు చేయాల్సిన పనులన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. గుజరాత్‌లో ఎవరో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటారు, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి ఉంటారు. ఫిర్యాదు అందగానే వాళ్ల పైసలు మొదట ఏ ఖాతాకు పోయాయి, అక్కడి నుంచి ఏయే ఖాతాలకు చీలాయి అని బ్యాంకులు వరుసగా వెతుక్కుంటూ పోతాయి. దీన్నే వాళ్లు మొదటి లేయర్, రెండో లేయర్, మూడో లేయర్ అంటారు. మోసగాళ్లకు కావాల్సింది ఖాతాలోని అంకె కాదు, చేతికి నోటు. నోటుకు జాడ ఉండదు. అందుకే రద్దీగా ఉండే చోటు, ఏటీఎం పనిచేయని చోటు, దుకాణదారుకు నెనరు ఎక్కువ ఉన్న చోటు చూసుకుని, స్కానర్ మీద వేసి నోట్లు పట్టుకుపోతారు. జాతరలో మీ దగ్గర నోట్లు తీసుకున్నవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది అమ్మవారికి బంగారమని సమర్పించే బెల్లం కొనుక్కోవడానికి నోట్లు కావాల్సినవాళ్లే అయి ఉంటారు. ఒక్కడు కాడు. ఆ ఒక్కడి వల్ల చివరి లేయర్‌లో మీ పేరు పడింది.

4,080 అనే అంకెను చూడండి. నాలుగు వేలు, దాని మీద వెయ్యికి ఇరవై చొప్పున ఎనభై. అది చూసిన ఏ పోలీసు అధికారికైనా, ఏ బ్యాంకు మేనేజరుకైనా ఇది సరుకు అమ్మిన పైసలు కాదని ఇట్టే తెలిసిపోతుంది. జాతర జరిగిన ఆ నాలుగు రోజుల్లోనే 2,040, 1,020, 5,100 అంటూ వరసగా పడిన జమలు కూడా మీ స్టేట్‌మెంట్‌లో ఉండే ఉంటాయి. కాబట్టి మీ బావ చెప్పిన బెల్లం బిల్లు మాట వదిలేయండి. ఆయన మీ మంచికే చెప్పి ఉంటారు, కానీ అది మీ కొంపకే నిప్పు. ఇప్పటికి మీరు తెలియక మధ్యలో చిక్కుకున్నవాళ్లు. జరగని అమ్మకానికి బిల్లు పుట్టించి పోలీసుకు పంపిన నాడు మీరే స్వయంగా ఒక నేరం చేసినవాళ్లు అవుతారు. దొంగ సాక్ష్యం తయారు చేయడం భారతీయ న్యాయ సంహితలో వేరే నేరం. అప్పుడు అమ్మకు ఏమీ తెలియదనే మాటను కూడా ఎవరూ నమ్మరు. జరిగింది జరిగినట్టే రాయండి. జాతర రద్దీ, ఏటీఎంలో నోట్లు లేకపోవడం, వెయ్యికి ఇరవై తీసుకోవడం, ఆ మనిషి ఎవరో తెలియకపోవడం, అన్నీ రాయండి. ఇరవై రూపాయల సంగతి దాచాలనిపిస్తుంది. దాచొద్దు. స్టేట్‌మెంట్‌లో కనబడేదాన్ని దాచితే మిగతా నిజానికి కూడా విలువ పోతుంది.

రేపు పొద్దున్నే చేయాల్సిన పని బ్యాంకుకు పోవడం, నోటితో అడగడం కాకుండా రాతతో అడగడం. ఒక తెల్లకాగితం మీద బ్రాంచి మేనేజరు గారికి రాయండి: నా ఖాతాను ఏ తేదీన ఆపారు, ఏ రాష్ట్రంలోని ఏ పోలీస్ స్టేషన్ చెబితే ఆపారు, ఫిర్యాదు నంబరు ఎంత, దర్యాప్తు అధికారి ఈమెయిల్ ఏమిటి, వివాదంలో ఉన్న మొత్తం ఎంత, ఆ లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరు ఏమిటి. చివరగా అతి ముఖ్యమైనది, పోలీసులు ఆ 4,080 మీద మాత్రమే లీన్ (అంటే అంతవరకే తీయకుండా పట్టి ఉంచడం) పెట్టమన్నారా, మొత్తం ఖాతా ఆపమన్నారా. రెండు ప్రతులు తీసుకుపోయి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కౌంటర్ దగ్గర "పైనుంచి వచ్చింది, మా చేతిలో ఏం లేదు" అంటారు. అనిపించుకున్నా సరే, ముద్ర లేకుండా బయటికి రావద్దు.

ఆ చివరి ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెబుతాను. బ్యాంకు ఖాతాను కూడా ఆస్తిగా భావించి పోలీసులు ఆపవచ్చని సుప్రీంకోర్టు 1999లోనే తపస్ నియోగి కేసులో చెప్పింది. కాబట్టి ఆపే అధికారమే లేదని వాదించి లాభం లేదు. కానీ ఆపినప్పుడు ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలని చట్టంలోనే ఉంది. అప్పుడది సీఆర్‌పీసీ 102, ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్. ఎంత ఆపాలన్నది వేరే ప్రశ్న. 2023లో కేరళ హైకోర్టు ముందుకు మీలాంటివాళ్లే చాలామంది వచ్చారు. యూపీఐ మీద వచ్చిన చిన్న మొత్తానికి మొత్తం ఖాతాలు ఆగిపోయినవాళ్లు. పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపి, మిగతాది వాడుకోనివ్వాలని ఆ కోర్టు బ్యాంకులకు చెప్పింది. అది మన హైకోర్టు తీర్పు కాదు, ఇక్కడి బ్యాంకును నేరుగా కట్టిపడేయదు. అయినా మీ అర్జీలో ఆ తీర్పు మాట రాయండి, బరువు ఉంటుంది. 4,080 కోసం 1,82,320 ఆపడం న్యాయం కాదు. ఆ మాట గట్టిగానే అడగాలి.

బ్యాంకు వివరాలు ఇచ్చాక, గుజరాత్ స్టేషన్ ఈమెయిల్‌కు, మీ బ్యాంకులో ఇట్లాంటి ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కలిపి ఒకే ఉత్తరం పంపండి. గుజరాతీ అక్కర్లేదు. హిందీలోనో ఇంగ్లిషులోనో ఒక పేజీ చాలు, రాయడం రాకపోతే మీ ఆఫీసులో ఎవరినైనా అడగండి. ఖాతా స్టేట్‌మెంట్, దుకాణం ఫొటో, హోల్‌సేల్ వాళ్లు ఇచ్చిన బిల్లులు, కరెంటు బిల్లు, మీ జీతం స్లిప్పు జత చేయండి. దుకాణంలోనో పక్కవాళ్లకో కెమెరా ఉండి ఆ రోజు దృశ్యం ఇంకా చెరిగిపోకపోతే, అది మీ దగ్గరున్నట్టు రాయండి. మీరు కోరాల్సింది రెండే: 4,080 మీద లీన్ ఉంచి మిగతా ఖాతా వదలండి, దర్యాప్తుకు ఏ వివరం కావాలన్నా ఇస్తాం. ఆ 4,080 కోసం కొట్లాడొద్దని నా సలహా. అది ఎవరో మోసపోయిన మనిషి కష్టార్జితం, చివరికి వాళ్లకు చేరాల్సిందే. అయితే దాన్ని మీ చేత్తో ఎవరికీ పంపకండి. "బాధితుణ్ని నేనే, నా నంబరుకు వేయండి" అని ఫోన్లు రావచ్చు. తిరిగి పోవాలంటే కోర్టు ద్వారానో, దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా చెబితే బ్యాంకు ద్వారానో మాత్రమే పోవాలి.

అట్లా పంపాక రెండు మూడు వారాలు చూడండి. ఈలోగా వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ స్టేషన్‌కు ఒకసారి వెళ్లి రండి. వేరే రాష్ట్రం ఆపినదాన్ని వీళ్లు తీయలేరు. కానీ బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, స్టేషన్ నిజమైనవో కావో చూసి చెప్పగలరు. మీరు దాక్కోలేదన్న సంగతి కూడా రికార్డులో ఉంటుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, పోలీసులు అడగకుండానే మొత్తం ఆపిందని తేలినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎట్లా పెట్టాలో చెబుతారు. అప్పటికీ కదలకపోతే దారి కోర్టే. ఆపిన ఆస్తిని వదలమని సంబంధిత మేజిస్ట్రేటు దగ్గర నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు, లేదా మన హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. గుజరాత్‌లో వకీలును పెట్టుకోవడం మీ వల్ల కాదు కాబట్టి రెండోదే మీకు దగ్గరి దారి. వకీలు ఫీజు అని భయపడకండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఖాతా మీ పేరు మీద ఉన్నా నష్టపోయింది అమ్మ దుకాణం. అమ్మను తోడు తీసుకుని హనుమకొండ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అంత దూరం పోకముందు న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు కూడా.

ఆరు వేలు అడిగినవాడి సంగతి క్షణంలో తేల్చేయవచ్చు. వాడు దొంగ. ఖాతా వదలడానికి ఏ పోలీస్ స్టేషన్‌లోనూ రుసుము లేదు, ఎన్‌ఓసీకి ధర లేదు. ఖాతాలు ఆగిపోయినవాళ్ల వివరాలు ఎక్కడెక్కడో చేతులు మారి ఇట్లాంటివాళ్లకు అందుతున్నాయి. వేసుకోమన్న యాప్ మీ ఫోన్ తెరను వాడికి చూపించేదే అయి ఉంటుంది. వేసుకుని ఉంటే ఓటీపీలు, పిన్నులు అన్నీ వాడి కళ్ల ముందే ఉండేవి. మీరు వేయకపోవడం చాలా మంచి పని చేశారు. ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో చక్షు అనే చోట నమోదు చేయండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పైసలు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి. గంటలు గడిచేకొద్దీ దొరికే అవకాశం తగ్గుతుంది.

జీతం మాట కూడా ఆలోచించాలి. ఆపిన ఖాతాలో జమలు పడుతూనే ఉండవచ్చు, తీసుకోవడమే కుదరదు. అందుకే వేరే బ్యాంకులో ఖాతా తెరిచి ఈ నెలలోనే ఆఫీసులో మార్పించుకోండి. ఇది తప్పించుకోవడం కాదు, మీ హక్కు. పాత ఖాతాకు ఏదైనా లోను వాయిదా కట్టి ఉంటే, చెక్కు బౌన్సు అయ్యేదాకా ఆగకుండా ఆ సంస్థకు ముందే బ్యాంకు కాగితం చూపించండి.

ఇప్పుడు పన్ను. ఇక్కడ మీరు రాసినదాంట్లో ఒక పెద్ద పొరపాటు ఉంది, చాలామంది దుకాణదారులు చేసే పొరపాటే. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ 40 లక్షల వరకు అక్కర్లేదన్నది చాలా రాష్ట్రాల్లో నిజం. తెలంగాణలో కాదు. 2019లో ఆ పరిమితి పెంచినప్పుడు కొన్ని రాష్ట్రాలు పాత 20 లక్షలనే ఉంచుకున్నాయి, వాటిలో మనది ఒకటి. కాబట్టి ఎక్కడో చూసిన 40 లక్షల వీడియో మీకు పనికిరాదు.

మీ లెక్క 20 లక్షలకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. స్కానర్ మీద 13 లక్షలు, నగదు అందులో సగం అంటే ఆరున్నర, మొత్తం పందొమ్మిదిన్నర. అయితే జాతరలో నోట్లు ఇచ్చి వేయించుకున్న లక్ష అమ్మకం కాదు. అందులో అమ్మకు మిగిలింది రెండు వేలే. దాన్ని తీసేస్తే పద్దెనిమిదిన్నర లక్షల దగ్గర ఆగుతుంది. అంటే గడచిన ఏడాదికి మీకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ లక్ష అమ్మకం కాదని మీరెలా చూపిస్తారు? చీటీ లేదు, పుస్తకం లేదు. ఈ రోజే కూర్చుని ఆ నాలుగు రోజుల స్టేట్‌మెంట్ తీసి, వెయ్యికి ఇరవై లెక్కలో సరిపోయే జమలన్నిటి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టి, అమ్మకు గుర్తున్నదంతా రాయించండి. ఇంకో సంగతి, విడి బియ్యం, కూరగాయలు, పాలు లాంటి పన్ను లేని సరుకుల అమ్మకం కూడా ఈ 20 లక్షల లెక్కలోకి వస్తుంది. పూర్తిగా పన్ను లేని సరుకులే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ సబ్బులు, బిస్కెట్లు, నూనె అమ్మే కిరాణానికి ఆ మినహాయింపు లేదు. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమల లెక్క పట్టి చిన్న దుకాణాలకు నోటీసులు పోయినప్పుడు ఈ చిక్కే వచ్చింది. కూరగాయలు, పాలు అమ్మేవాళ్లు కూడా ఏది పన్ను ఉన్నది, ఏది లేనిది అని చూపించుకోవాల్సి వచ్చింది. కొందరు స్కానర్లు తీసేసి నగదే ఇవ్వమని బోర్డులు పెట్టారు.

ఏ ఏడాదైనా మధ్యలో 20 లక్షలు దాటుతుందనిపిస్తే, దాటిన నాటి నుంచి 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. దానికీ గాబరా వద్దు. కోటిన్నర లోపు వాళ్లకు కాంపోజిషన్ పద్ధతి ఉంది. సరుకులు అమ్మేవాళ్లు పన్ను ఉన్న అమ్మకం మీద ఒక శాతం మూడు నెలలకోసారి కడితే చాలు. గిరాకీ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. ములుగు రోడ్డు మీది కిరాణానికి ఆ రెండూ ఇబ్బంది కావు.

ఆదాయపు పన్నుకు భయపడాల్సింది మరీ తక్కువ. ఖాతాలోకి వచ్చిందంతా ఆదాయం కాదు. చిన్న వ్యాపారులకు పుస్తకాలు రాయకుండానే అంచనా మీద లెక్క చూపే వీలుంది, 44ఏడీ సెక్షన్. యూపీఐ లాంటి దారిలో వచ్చిన అమ్మకం మీద కనీసం 6 శాతం, నగదు మీద కనీసం 8 శాతం లాభంగా చూపాలి. మీకైతే 12 లక్షల మీద 72 వేలు, ఆరున్నర లక్షల మీద 52 వేలు, కలిపి 1,24,000. నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలి, ఇది కనీసమే. ఎట్లా చూసినా కొత్త పద్ధతిలో ఉన్న నాలుగు లక్షల ప్రాథమిక పరిమితికి చాలా కింద ఉంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా ఈ అంచనా పద్ధతి దానిలోనూ ఉంది. మీ జీతం ఏడాదికి 2,64,000, అదీ పరిమితి లోపలే. మరి చిక్కెక్కడ? దుకాణం అమ్మది, పాన్ మీది. రేపు ఈ పదమూడు లక్షలు ఏమిటని అడిగితే అడిగేది మిమ్మల్ని. అమ్మ దుకాణానివి అని నోటితో చెబితే సరిపోదు.

అందుకే రిటర్ను వేయడం తప్పనిసరి కాకపోయినా అమ్మ పాన్ మీద వేయండి. ఐటీఆర్-4 చాలు, పన్ను సున్నా. ఆ రిటర్నే మీకు జవాబు అవుతుంది. నా మనసులో మాట కూడా చెప్పాలి. అన్నేళ్లు పొద్దున ఐదింటికి షట్టర్ ఎత్తిన మనిషి పేరు మీద ఆ దుకాణానికి ఒక్క కాగితం లేదు. సంపాదన అంతా కొడుకు ఖాతాలో. మీరు మంచివారు కాబట్టి సరే. కానీ ముద్రా లోను కోసం బ్యాంకుకు పోతే ఆమెను ఏ రుజువు అడిగినా చూపించడానికి ఏమీ ఉండదు. శిశు పద్దు కింద 50 వేల దాకా ఇస్తారు, ఫ్రిజ్ కొనడానికో, పండుగ ముందు సరుకు నింపడానికో పనికొస్తుంది. ఊళ్లో ఇట్లాంటి అమ్మలు ఎందరో ఉన్నారు. దుకాణం వాళ్లది, లెక్కల్లో మాత్రం వాళ్లు లేరు. ఇది మారాలి.

మార్చడం కష్టం కాదు. ఆధార్, పాన్‌తో చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి. ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం. ఉద్యమ్ పేరుతో ఫీజు అడిగే సైట్లు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. గ్రామ పంచాయతీ నుంచి వ్యాపార లైసెన్సు తీసుకోండి. ఈ రెండు కాగితాలతో అమ్మ దుకాణం పేరు మీద వ్యాపారులు వాడే కరెంట్ అకౌంట్ తెరవమని బ్యాంకును అడగవచ్చు. స్కానర్, సౌండ్ బాక్స్ బ్యాంకు ద్వారానే తీసుకోండి. పైసలు అందుకోవడానికి అమ్మకు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బాక్స్ తెలుగులోనే చెబుతుంది. గిరాకీ ఫోన్‌లో చూపే స్క్రీన్‌షాట్‌ను కాకుండా ఆ గొంతును నమ్మమనండి. ఖాతాకు కలిపే నంబరు మాత్రం అమ్మ ఫోన్‌దే ఉండాలి. అది వచ్చేదాకా పాత స్కానర్‌ను ఈరోజే గోడ మీది నుంచి తీసేయండి, లేకపోతే రోజువారీ అమ్మకం కూడా ఆగిన ఖాతాలోకి పోయి ఇరుక్కుంటుంది. తీయాల్సింది ఆ ఒక్క స్కానర్‌ను మాత్రమే, స్కానర్ పద్ధతిని కాదు.

నోట్లు ఇచ్చే అలవాటు మాత్రం మానాలి. ఎరిగిన ఊరివాళ్లకు వంద, రెండు వందలు వేరే సంగతి. ముక్కూ మొహం తెలియనివాడికి వేలల్లో, అదీ కమీషన్ మీద ఇస్తే, ఈసారి తెలియదన్న మాట వచ్చేసారికి పనిచేయదు. ఒకసారి ఖాతా ఆగిన తర్వాత మళ్లీ అదే చేస్తే తెలియడానికి తగిన కారణం ఉందనే అంటారు. మీది జాతర బాట, మీ మండలంలోనే అగ్రంపహాడ్ జాతర కూడా అదే సమయంలో జరుగుతుంది కాబట్టి నోట్లు అడిగేవాళ్లు మళ్లీ వస్తారు. ఆ పనిలో నాలుగు పైసలు వస్తాయని అనిపిస్తే, బ్యాంకు తరఫున కస్టమర్ సర్వీస్ పాయింట్ తీసుకోండి. అక్కడ వచ్చినవాడి వేలిముద్ర మీద, వాడి సొంత ఖాతా నుంచే నోట్లు ఇస్తారు. ఎవరు తీసుకున్నారో రికార్డు ఉంటుంది, కమీషన్ బ్యాంకే ఇస్తుంది.

బ్యాంకు రాతపూర్వకంగా ఏమి జవాబిచ్చిందో, ముఖ్యంగా లీన్ 4,080 మీదా, మొత్తం మీదా అన్నది తేలాక మళ్లీ రాయండి. కాగితం ఫొటో పంపేటట్లయితే ఖాతా నంబరు, ఫోన్ నంబరు కనిపించకుండా కప్పి పంపండి. మొత్తం ఆపమని గుజరాత్ పోలీసులే చెప్పి ఉంటే హైకోర్టుకు ఏమి రాయాలో అప్పుడు వివరంగా చెబుతాను.